చివరగా చూసినవాళ్ళ మాట

జనవరి 9

ఒసే గడుగ్గాయీ,

ఆశీస్సులూ చీవాట్లూ కలిపే పంపుతున్నాను, నీకు కావలసినవి ఏరుకో. నీ ఉత్తరం నాలుగు పేజీలుంటే అందులో మూడు పేజీలు ప్రశ్నలే. నేనేమన్నా పరీక్షకి కూర్చున్నానా? మా సంస్థకి యాప్ తయారుచేసే పని మీ కంపెనీకే రావడం, ఆ పనిలో నిన్నే కూర్చోబెట్టడం విన్న దగ్గర్నుంచి మీ బావకి ఒకటే నవ్వు. "ఇన్నాళ్ళూ చెల్లెలి మీద అక్క పెత్తనం చూశాం, ఇక అక్క మీద చెల్లెలి పెత్తనం చూద్దాం" అంటున్నాడు. ఫోనులో అడిగితే పోయేదానికి ఉత్తరాలెందుకని కూడా ఆయన గొణుగుడు. ఫోనులో అయితే నువ్వు ఊ కొట్టి తప్పించుకుంటావు, నేను అరిచి పెట్టేస్తాను. ఆ సంగతి ఆయనకేం తెలుసు?

సరే, జవాబులు రాసుకో. ఆస్పత్రి ఇక చేసేదేమీ లేదని ఇంటికి పంపేసిన వాళ్ళ దగ్గరికి వెళ్తాం మేము. నొప్పి తగ్గిస్తాం, పుళ్ళు కడుగుతాం, ఇంట్లోవాళ్ళకి ధైర్యం చెబుతాం. ఒక్కొక్కరినీ పొద్దున ఒక నర్సు, మధ్యాహ్నం ఒక నర్సు చూస్తాం. ఇద్దరు రెండు రకాలుగా రాస్తే ఎవరి మాట చెల్లుతుందని అడిగావు. చివరగా చూసినవాళ్ళ మాటే. ఎవరు సీనియరు, ఎవరు నిన్నగాక మొన్న చేరారు అన్నది లేదు. మంచంలో ఉన్న మనిషి పొద్దుటిలా మధ్యాహ్నం ఉండడు మరి.

లోపల ఫోను వాడతారా అని అడిగావు. వాడం. గుమ్మంలోనే ఆపేస్తాం. ఆ నియమం నేను పెట్టిందే. నా దగ్గర పని నేర్చుకున్న ప్రతి పిల్లకీ బీపీ చూడటం కంటే ముందు నేర్పేది అదే. ఎవరో చచ్చిపోయే ముందు ఏదో చెప్పబోతుంటే జేబులో పాట మోగడం కంటే అసహ్యం ఇంకోటి లేదు.

ఈ మధ్య మా లిస్టులోకి ఒక రిటైరైన డ్రిల్ మాస్టారు వచ్చారు. ఊపిరితిత్తుల జబ్బు. మంచం మీద ఉండి కూడా నేను వంగి నడుస్తున్నానని తిడతారు. "వెన్ను నిటారుగా పెట్టు సిస్టర్, రోగిని నేనా నువ్వా?" అంటారు. ఆయనా, భార్యా ఇద్దరే ఉంటారు, మూడో అంతస్తు, లిఫ్టు లేదు. నా మోకాళ్ళ గురించి అడక్కు.

నీ గదిలో కుళాయి కారుతోందన్నావు, బాగుచేయించావా? నువ్వు చేయించి ఉండవు.

మీ అక్క


జనవరి 21

అక్కా,

చీవాట్లు ఏరుకుని పక్కన పెట్టాను, ఆశీస్సులు మటుకు జేబులో వేసుకున్నాను. కుళాయి కింద బకెట్టు పెట్టాను. బాగుచేయించినట్టే లెక్క.

నీ ఉత్తరం మా మీటింగులో చదివి వినిపించాను. బావ నవ్వు సంగతి కాదులే, పని ముక్కే. వారం రోజులుగా మేం కొట్టుకు చస్తున్న గొడవ నీ ఒక్క మాటతో తేలిపోయింది. ఇద్దరు నర్సులు ఒకే రోగి పేజీని మారిస్తే ఏది ఉంచాలి, ఏది తీసెయ్యాలి అన్నది. "చివరి మాటే చెల్లుతుంది" అని మా మేనేజరు బోర్డు మీద పెద్ద అక్షరాలతో రాశాడు. కింద నా పేరు రాశాడు. నీ పేరు రాయాల్సింది, నాకు తెలుసు.

యాప్ ఎలా పనిచేస్తుందో చెబుతాను. మీరు వెళ్ళే ఇళ్ళలో సగం చోట్ల సిగ్నల్ ఉండదు కదా, అయినా రాసుకోవచ్చు. రాసింది ముందు మీ ఫోనులో ఉంటుంది. సిగ్నల్ దొరకగానే దానంతట అదే క్లౌడ్‌లోకి వెళ్ళిపోతుంది. క్లౌడ్ అంటే ఆకాశంలో ఏమీ లేదు, ఎక్కడో అద్దెకి తీసుకున్న కంప్యూటర్లు. అక్కడికి చేరాక మీ ఆఫీసులో, అంబులెన్సులో, అందరి ఫోన్లలో ఒకటే పేజీ కనిపిస్తుంది. ఇక నర్సుకీ నర్సుకీ మధ్య చీటీలు పోవడాలు ఉండవు. ఏదీ పోదు అక్కా. ఇన్నాళ్ళకి నీకు పనికొచ్చే పని చేస్తున్నానని ఎంత సంతోషంగా ఉందో చెప్పలేను.

మోకాళ్ళకి ఆ పట్టీ కొనుక్కో. మాస్టారికి నా తరఫున అటెన్షన్‌లో నిలబడి నమస్కారం పెట్టు.

గడుగ్గాయి


మార్చి 12

గడుగ్గాయీ,

నీ యాప్ వచ్చింది. పొగడమంటావా, తిట్టమంటావా? ముందు పొగడ్త. చేతిరాత చదవలేక తల పట్టుకునే బాధ తప్పింది. మందు మోతాదు ఎక్కువ రాస్తే ఎర్రగా మెరిసి ఆపుతుంది, అది బాగుంది. ఇక తిట్టు. మొన్న ఒకావిడ పుండు తగ్గిందని రాశాను. మర్నాడు చూస్తే తగ్గలేదనే ఉంది. మళ్ళీ రాశాను, అప్పుడు నిలిచింది. ఏమిటో చూడు.

ఈరోజు మధ్యాహ్నం మాస్టారి దగ్గర చాలాసేపు ఉన్నాను. మా దగ్గర చేరిన రోజున, ఊపిరి మరీ కష్టమైతే ఆస్పత్రికి తీసుకెళ్ళమని రాయించారాయన. ఈరోజు భార్యని కూడా పక్కన కూర్చోబెట్టుకుని, వద్దు అన్నారు. ఆ గొట్టాలు, ఆ దీపాలు, చేతులు కట్టేయడాలు వద్దు. ఈ మంచం మీదే, ఈ కిటికీ పక్కనే పోతాను అన్నారు. ఆవిడ ఏడవలేదు. "మీ ఇష్టమే నా ఇష్టం" అంది. ఆ మాట అనడానికి ఆవిడకి ఎంత కష్టమైందో ఆవిడ వేళ్ళు చూస్తే తెలిసింది, కొంగు మొత్తం మెలిపెట్టేసింది.

నేను బయటికొచ్చి, మెట్ల మీద సిగ్నల్ వచ్చే చోట నిలబడి, ఫోను తీసి రాశాను. ఇంట్లోనే ఉంచాలి, ఆస్పత్రికి వద్దు. మళ్ళీ లోపలికెళ్ళి "రాసేశాను మాస్టారూ" అన్నాను. "అయితే ఇక స్టాండెటీజ్" అన్నారు నవ్వుతూ. నాకు మటుకు మెట్లు దిగుతుంటే కళ్ళు కనపళ్ళేదు. ఇన్నేళ్ళ పనిలో ఇలాంటివి ఎన్నో చూశాను, అయినా అలవాటు కాదు.

మీ బావ కుండీలలో మొక్కలు పెంచుతున్నాడు. ఇంతవరకూ పెరిగింది మట్టి ఒక్కటే.

అక్క


మార్చి 23

అక్కా,

నీ తిట్టుకి జవాబు. ఏమీ పోలేదు. నువ్వు పాత పేజీ తెరిచి ఉంచుకుని చూసి ఉంటావు. తెరని వేలితో కిందికి లాగితే కొత్తది వస్తుంది. ట్రైనింగులో చెప్పే ఉంటారు, నువ్వు అప్పుడు పక్కనున్నావిడతో కబుర్లు చెబుతుంటావు. నాకు తెలీదా నీ సంగతి!

ఇప్పుడు ఊపిరి సలపని పని. మీ సంస్థ చూసి ఇంకో రెండు సంస్థలు ఇదే యాప్ కావాలంటున్నాయి. అందుకే పొట్టి ఉత్తరం. బావకి చెప్పు, మొక్కలకి నీళ్ళు కూడా పోయాలని.

గడుగ్గాయి


ఏప్రిల్ 4

చెల్లీ,

మాస్టారు పోయారు. ఇంట్లో కాదు, ఆస్పత్రిలో.

జరిగింది చెబుతాను. పోయిన వారం ఒక ఉదయం ఆయనకి ఊపిరి అందలేదు. కొంచెం మందిస్తే నెమ్మదించేదే, ఆవిడకి అలాగే చెప్పి ఉంచాను. ఆవిడ మా ఆఫీసుకి ఫోను చేసింది నర్సుని పంపమని. ఆఫీసులో అమ్మాయి తెర మీద మాస్టారి పేజీ తీసి చూసింది. ఆస్పత్రికి తరలించాలి అని ఉంది. అంబులెన్సుని పంపేసింది. వాళ్ళు వచ్చి ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టి మూడంతస్తులు దించారు. ఆవిడ అడ్డం పడింది. సిస్టరు రాసింది, ఇంట్లోనే ఉంచమని రాసింది అని మొత్తుకుంది. వాళ్ళు ఫోను ఆవిడ మొహానికి చూపించి, "ఎవరూ అలా రాయలేదమ్మా" అన్నారట. ఆయన మంచం కోడు పట్టుకుని వదల్లేదట. వేళ్ళు విడదీయాల్సి వచ్చిందట.

నాకు తెలిసి పరిగెత్తేసరికి గొట్టం వేసేశారు. చేతులు మంచానికి కట్టేశారు. నేను ఎదురుగా నిలబడి "మాస్టారూ" అన్నాను. ఆయన నన్ను చూసి, మొహం అటు తిప్పుకున్నారు. నేను అబద్ధం చెప్పానని అనుకున్నారు. మాట్లాడదామంటే గొట్టం. నేనేం చెప్పినా వినే స్థితి కాదు. తర్వాత మూడు రోజులు బతికారు. మళ్ళీ నా వైపు చూడలేదు.

ఇప్పుడు నా మీద విచారణ పెట్టారు. రోగి కోరిక రాయకుండానే రాశానని చెప్పానట. ఉద్యోగం పోతే పోయింది, నర్సుల రిజిస్టరులోంచి నా పేరే తీసేస్తారేమో అంటున్నారు. ఆ రోజు రాశాక ఆ ముక్క మళ్ళీ తెరిచి చూసుకోలేదు, ఇప్పుడు నా ఫోనులో చూసినా పాతదే ఉంది. నేను మెట్ల మీద నిలబడటం గుర్తుంది, గోడ రంగు గుర్తుంది, రాయడం గుర్తుంది. రాశాను కదే? నీకూ రాశాను కదా, ఆ రోజే?

నువ్వు చూసి చెప్పు.

అక్క


ఏప్రిల్ 10

అక్కా,

నీ ఉత్తరం చదివి మధ్యాహ్నం అన్నం తినలేకపోయాను. మాస్టారి గురించి ఏం రాయాలో తెలియడం లేదు.

నా మీద కోపం తెచ్చుకోకుండా చదువు. నువ్వు రాశావు, అందులో నాకు అనుమానం లేదు. కానీ రాశాక కింద సేవ్ నొక్కావా? నొక్కకుండా ఫోను జేబులో పెట్టుకుంటే అది నిలవదు. ఆ రోజు నీ మనసు బాగాలేదని నువ్వే రాశావు, కళ్ళు కనపళ్ళేదన్నావు. అలాంటప్పుడు ఎవరైనా మరిచిపోతారు. ఎందుకంటే సేవ్ చేసినదాన్ని యాప్ పోగొట్టదు అక్కా. ఎన్ని రకాలుగా పరీక్షించామో నాకు తెలుసు. మేనేజరుని కూడా అడిగాను, అదే అన్నాడు. మా లాయర్లు దీని గురించి మీ సంస్థలో ఎవరితోనూ మాట్లాడొద్దన్నారు, అయినా నీకు రాస్తున్నాను.

విచారణలో, అలసటలో మరిచిపోయానని చెబితే వాళ్ళు అర్థం చేసుకుంటారు. నీ సర్వీసు అలాంటిది. ధైర్యంగా ఉండు.

చెల్లి


ఏప్రిల్ 15

చెల్లికి,

నీ ఉత్తరం అందింది. చాలాసార్లు చదివాను.

నువ్వు చెప్పిందే నిజమై ఉంటుంది. దాన్ని తయారుచేసినదానివి నువ్వు, నీకంటే ఎవరికి తెలుస్తుంది? ఈ నాలుగు రోజులూ ఆ మెట్ల మీద నా వేలు ఎక్కడ పడిందో గుర్తు చేసుకుంటూనే ఉన్నాను. ఒకసారి నొక్కినట్టుంటుంది, ఇంకోసారి నొక్కనట్టుంటుంది. నొక్కకుండానే లోపలికెళ్ళి ఆ మనిషి మొహం మీద రాశానని చెప్పానన్నమాట. ఆయన దాన్ని నమ్మి హాయిగా ఊపిరి పీల్చుకున్నారు.

నిన్న విచారణలో నా పొరపాటేనని రాసి సంతకం పెట్టాను. మాస్టారి భార్య కూడా వచ్చింది. నేను సంతకం పెడుతుంటే చూస్తూ కూర్చుంది.

ఇక ఈ సంగతి గురించి నాకు రాయకు. మీ బావ నిన్ను అడిగానని చెప్పమన్నాడు.

అక్క


ఏప్రిల్ 16

అక్కా,

ఎక్కడా సంతకం పెట్టకు. ఈ ఉత్తరం అందేదాకా ఎవరేమడిగినా గుర్తు లేదను. నీకు ఫోను చేస్తుంటే ఎత్తడం లేదు, బావా ఎత్తడం లేదు.

నువ్వు సేవ్ నొక్కావు. నొక్కావు అక్కా. నా కళ్ళతో చూశాను.

నీకు అలా రాసి పడేశాక నాకు మనసు కుదురుగా లేదు. నీ పాత ఉత్తరాలు తీసి మొదటినుంచీ చదువుకున్నాను. ఫోను గుమ్మంలోనే ఆపేస్తామన్నావు చూడు, అక్కడ ఆగిపోయాను. మేం సిగ్నల్ లేని ఇళ్ళ గురించి ఆలోచించాం, ఫోన్లు ఆపుకుని తిరిగే నర్సుల గురించి ఆలోచించలేదు. ఈ లోకంలో పగలంతా ఫోను ఆపుకునే మనుషులు ఉంటారని మాకెవరికీ తోచలేదు. బల్ల మీద రెండు ఫోన్లు పెట్టాను. ఒకదానిలో పొద్దుటి నర్సులా రాసి, అది క్లౌడ్‌కి చేరకముందే ఆపేశాను. రెండోదానిలో నీలా కోరిక మార్చి సేవ్ చేశాను. అందరి ఫోన్లలోనూ కొత్తది వచ్చింది. తర్వాత మొదటి ఫోను తెరిచాను. తెర మీద చక్రం ఒక్క క్షణం తిరిగింది, నా కళ్ళ ముందే నువ్వు రాసింది పోయి పాతది వచ్చి కూర్చుంది.

ఆ రోజు జరిగింది ఇదే. పొద్దుటి నర్సు మాస్టారి డ్రెస్సింగు గురించి రాసి, వెంటనే ఫోను ఆపేసి తర్వాతి ఇంటికి వెళ్ళింది. నువ్వు నేర్పినట్టే. మధ్యాహ్నం నువ్వు మార్చావు, అది క్లౌడ్‌కి చేరింది కూడా, చేరిన ఆనవాలు అక్కడుంది. మిగతా ఇళ్ళ సంగతులు రాయడానికి సాయంత్రం ఇంటికెళ్ళాకే ఆ అమ్మాయి ఫోను తెరిచింది. పొద్దుటి పేజీ మొత్తం, పాత కోరికతో సహా, అప్పుడు చేరింది. ఆఖరున వచ్చింది కాబట్టి యాప్ దాన్నే నిజమనుకుంది. పుండు తగ్గిందని నువ్వు రాస్తే పోయింది కూడా ఇలాగే. అప్పుడే చెప్పావు, నేను వేలితో తెర లాగమన్నాను.

నువ్వు చివరగా చూసినవాళ్ళ మాట అన్నావు. నేను చివరగా చేరిన మాట అని తయారుచేశాను. ఆ రెంటికీ తేడా ఉందని నాకు తట్టనే లేదు.

నన్ను తిట్టు. కానీ సంతకం పెట్టకు.

చెల్లి


ఏప్రిల్ 19

అక్కా,

మన ఉత్తరాలు దారిలో ఒకదాన్నొకటి దాటి వెళ్ళాయి. నువ్వు సంతకం పెట్టేశావు. అదీ నా మాట నమ్మి.

ఇక ఆగలేదు. నేను కనిపెట్టినదంతా రాసి, ఆ ఆనవాళ్ళన్నీ జతచేసి మీ విచారణ అధికారికి పంపేశాను. మేనేజరుకి ముందే చెప్పాను. లాయర్లు చూసేదాకా ఆగమన్నాడు. ఆ సిస్టరు నీకు అక్క అని తెలిస్తే నీ మాటకి విలువుండదు అన్నాడు. అక్క కాబట్టే నా మాట నమ్మి తన పీకల మీదికి తెచ్చుకుంది అన్నాను. ఈ పనిలోంచి నన్ను తీసేశారు. ఉద్యోగం ఉంటుందో లేదో ఇంకా చెప్పలేదు. తీసేసే ముందు ఒకటి చేసి వచ్చాను. ఇప్పుడు రెండు మాటలు తేడాగా వస్తే యాప్ తీర్పు చెప్పదు. రెండూ పక్కపక్కన చూపించి, నర్సుకి ఫోను చేసి అడగమంటుంది. ఇంత చిన్న పని, ముందే చేసి ఉంటే మాస్టారు ఆ కిటికీ పక్కనే ఉండేవారు.

మాస్టారి భార్య అడ్రసు పంపు. నా తప్పంతా వివరంగా ఉత్తరం రాస్తాను. ఎదురుగా వెళ్ళడానికి నాకు మొహం చెల్లదు.

నువ్వు నాకు జవాబు రాస్తావా?

చెల్లి


మే 2

చెల్లీ,

జవాబు రాయకుండా ఎలా ఉంటాను, నీకు తెలీదూ? కాకపోతే ముందు నీ మీద కోపం కొంత చల్లారనిద్దామని ఆగాను. చల్లారలేదు, అలాగే రాస్తున్నాను.

నా సంతకం ఉన్న కాగితం వెనక్కి ఇచ్చేశారు. పనిలోకి రమ్మన్నారు, వెళ్తున్నాను. పొద్దుటి నర్సు వచ్చి నా కాళ్ళ దగ్గర కూర్చుని భోరుమని ఏడ్చింది. ఆ పిల్ల తప్పేముంది? నేను నేర్పిన మర్యాదే చేసింది. ఇకనుంచి గుమ్మంలో ఫోను ఆపే ముందు, రాసింది చేరిందో లేదో చూసి ఆపమని అందరికీ చెప్పాను. నీ ఉద్యోగం గురించి మీ బావ రోజూ అడుగుతున్నాడు. ఏ సంగతీ వెంటనే రాయి.

నా కోపం యాప్ తప్పు చేసినందుకు కాదు. తప్పులు నేనూ చేస్తాను. నేను రాశానని నీకు చెప్పాను. అదే రోజు, నా చేత్తో. అయినా నువ్వు నన్ను కాక దాన్ని నమ్మావు. అంతకంటే నన్ను ఎక్కువ బాధపెట్టింది ఏమిటంటే, నేనూ నన్ను నమ్ముకోలేదు, నిన్నే నమ్మాను. ఆ మెట్ల మీద నిలబడ్డది నేను. నాకు తెలియాలి కదా. ఇది పోవడానికి కొంతకాలం పడుతుంది, తొందరపెట్టకు.

మాస్టారి భార్య దగ్గరికి వెళ్ళాను. మంచం అక్కడే ఉంది, దుప్పటి మార్చి వేసింది. జరిగిందంతా చెప్పాను, రెండు ఫోన్ల సంగతితో సహా. ఎంత అర్థమైందో తెలియదు. మొత్తం విని, "అయితే మీరు రాశారు" అంది. రాశానన్నాను. "ఆయనకి తెలియదు కదా" అంది. తర్వాత, ఈ యాప్ ఎవరు తయారుచేశారు అని అడిగింది. మా చెల్లెలు అన్నాను. దాచాలనిపించలేదు. ఆవిడ నా వైపు తేరిపార చూసి, "రమ్మనండి" అంది. కోపంగా అనలేదు, శాంతంగానూ అనలేదు. ఎందుకని నేను అడగలేదు.

ఉత్తరం రాస్తానన్నావు. రాయకు. ఉత్తరంలో నువ్వు చెప్పదలుచుకున్నది చెప్పేసి తప్పుకుంటావు, ఆవిడ అడగదలుచుకున్నది ఆవిడ దగ్గరే ఉండిపోతుంది. ఆయన నోట్లో గొట్టంతో ఏమీ చెప్పకుండా వెళ్ళిపోయారు. ఆవిడనైనా చెప్పనియ్యి.

శనివారం బస్సెక్కు. నేను వీధి మలుపు దాకా తోడొస్తాను. ఆ పైన నువ్వొక్కదానివే మెట్లెక్కి వెళ్ళు.

అక్క